తారు పూసిన పుట్టి

"ఆ నల్ల పుట్టిని గట్టుకు లాగండప్పా! అది నీళ్ళల్లో ఉన్నంతసేపూ ఒక్క సేప గూడా వల దిక్కు రాదు!"

తూము మీది బండపై నిలబడి ఓబయ్య ఆ కేక వేసినప్పుడు, నల్ల పుట్టిలో తెడ్డు పట్టుకుని కూర్చున్నది ఆయన కన్నకూతురే.

గంగులమ్మ మొదట తనను కాదనుకుంది. ఎవరి పుట్టిని అంటున్నాడా అని వెనక్కి తిరిగి చూసింది కూడా. చూడడానికేముంది, చెరువు మొత్తానికి నల్ల పుట్టి ఒక్కటే. మిగతావన్నీ ఆ ఏడు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. యుద్ధం వచ్చినప్పటినుంచి తారు దొరకడం మానేసింది. దొరలు ఉన్న తారంతా రోడ్లకూ విమానాలు దిగే చోట్లకూ పట్టుకుపోతున్నారని చెప్పుకునేవాళ్ళు. వేరే దారి లేక బెస్తవాళ్ళు వెదురు బుట్టకు తోలు కుట్టి చేసిన తమ పుట్టిలకు ఆముదంలో కాచిన గుగ్గిలం పూసి, చేతికి అంటకుండా పైన సుద్దపొడి చల్లుకున్నారు. గంగులమ్మ మొగుడు ఆదిమూలం మాత్రం రేణిగుంట రోడ్డు పనికి పోయి, మేస్త్రీని బతిమాలి, పీపా అడుగున మిగిలిన తారు గీక్కుని వచ్చాడు. "ఈ తూరి మన పుట్టిలోకి సుక్క నీళ్ళు రావు, సూస్తా ఉండండి" అని కనపడినవాడికల్లా చెప్పుకున్నాడు. ఆ గొప్పంతా ఇప్పుడు నీళ్ళపాలయింది.

వడమాలపేటకు అవతల, కొండ కింద ఉన్న ఆ చెరువులో వరికోతలయ్యాక నీళ్ళు తగ్గుతాయి. అప్పుడు మొదలవుతుంది చేపల్ని తోలడం. తూము దగ్గర లోతులో వల నిలబెడతారు. అవతలి ఒడ్డునుంచి పుట్టిలన్నీ వరసగా బయలుదేరి, నీళ్ళు బాదుకుంటూ, చేపల్ని వల దిక్కుగా తరుముకొస్తాయి. ఒక్కో పుట్టిలో ఆలూమగలు ఇద్దరుంటారు. ఆమె తెడ్డు వేస్తుంది, అతను కట్టెతో నీళ్ళు బాదుతాడు. నీళ్ళమీద ఉన్నవాళ్ళకు తమ పక్క పుట్టి తప్ప వరస మొత్తం కనపడదు. రెండు పుట్టిల మధ్య సందు కాస్త ఎక్కువైందా, మంద మొత్తం అందులోంచి వెనక్కి జారిపోతుంది. అందుకని ఒక పెద్దమనిషి తూము బండమీద నిలబడి, ఎవరు ముందుకు రావాలో, ఎవరు ఆగాలో కేకలేసి చెబుతాడు. ఆయనకు పుట్టి ఉండదు, వల ఉండదు. పట్టిన చేపల్లో పాలు మాత్రం అందరికంటే ముందు ఆయనకే తీస్తారు. నీళ్ళు తగ్గి తోలడం ముగిసేదాకా బండమీది మనిషి మాటకు ఎదురుచెప్పేవాడు లేడు. ఓబయ్య ఆ బండమీద తల నెరిసేదాకా నిలబడ్డాడు.

ఆ పొద్దు, ఓబయ్య కేకకు కాస్త ముందు, చేపల మంద జారిపోయింది. జారిపోయింది ఆదిమూలం పుట్టికీ ఏకాంబరం పుట్టికీ మధ్య. ఖాళీ వల చూసి అందరి మొహాలూ మాడిపోయాయి.

గట్టుమీద పంచాయితీ అయింది. ఏకాంబరం వయసులో ఓబయ్య తర్వాతివాడు, వల అతనిది. అతనికి ఈ మాట మింగుడుపడలేదు.

"మా తాత నాటినుంచీ పుట్టిలన్నీ నల్లవే గదన్నా. అప్పుడు బెదరని సేప ఇప్పుడేంటికి బెదురుతాది?"

"అప్పుడు అన్నీ నల్లవే. సేపకు అలవాటు" అన్నాడు ఓబయ్య, చేతిలో పాగా దులుపుకుంటూ. "ఇప్పుడు తెల్లవాటి నడుమ నల్లగా ఒకటి అగపడితే అదేందో మొసలి అనుకోదా? నువ్వొకసారి సేపవై సూడు, తెలుస్తాది."

నవ్వారు అందరూ. ఏకాంబరం చేపగా మారితే ఎలా ఉంటాడో తలుచుకుని ఆడవాళ్ళు మరీ నవ్వారు. చిన్నబ్బ, ఓబయ్య తమ్ముడి కొడుకు, ఆ ఊపులో ఒక చెయ్యి వేశాడు. "ఔను పెదనాయనా. గద్ద నీడ పడినా సేప అడుగుకు పోతాది గదా. నలుపంటే దానికి బయమే."

మాట నిలబడిపోయింది. ఆదిమూలం పుట్టిని నలుగురు పట్టి గట్టుకు లాగి బోర్లించారు. బయట పెట్టిన పుట్టికి పాలు లేదు. పాలు లేదంటే ఎండుచేప లేదు, ఎండుచేప లేదంటే వానలదాకా తిండికి దారి లేదు. గంగులమ్మ తెడ్డు భుజాన వేసుకుని తండ్రి వంక చూసింది. ఒక్కసారైనా తన మొహం చూస్తాడేమోనని. ఆయన చెరువు వంక చూస్తున్నాడు.

*

"మీ నాయనకు నేనంటే మొదటినుంచీ కిట్టదు" అన్నాడు ఆదిమూలం. ఇంటికి వచ్చేదాకా ఓర్చుకున్నాడు, అదే గొప్ప.

"కిట్టకపోతే పిల్లనెందుకిచ్చినాడు?"

"ఇచ్చినాక కిట్టలా."

గంగులమ్మ పొయ్యి రాజేసింది. తల్లి పోయినప్పటినుంచి తండ్రికి కూడు పెట్టేది తనే. ఆయన గుడిసె పక్కనే. ఇంత పని చేసి ఈ పూట రాడులే అనుకుంది. వచ్చాడు. ఏమీ జరగనట్టే చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆదిమూలం లేచి బయటికి పోయాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. సంగటి ముద్ద ఆయన ముందు కాస్త గట్టిగానే పెట్టింది.

"సున్నం పుయ్యండి" అన్నాడు ఓబయ్య తలెత్తకుండా. "తెల్లగా సేసుకోని రండి. వొద్దంటానా?"

"తారు మీద సున్నం నిలస్తాదా నాయనా?"

"నిలిపే మార్గం సూడు మరి."

ఆ చెప్పే తీరుకు ఆమెకు కన్నీళ్ళొచ్చాయి. పరాయివాడు చెబితే వచ్చేవి కావు.

ఆదిమూలం ఆ పుట్టిని ముట్టుకోనన్నాడు. కాళ్ళు కాల్చుకుని తెచ్చిన తారు మీద సున్నం కొట్టడానికి అతనికి చేతులు రావట. మరునాడు ఎండెక్కాక గంగులమ్మ ఒక్కతే మొదలుపెట్టింది. బోర్లించిన పుట్టి మీద తారు ఎండకు మెత్తబడి మెరుస్తోంది. కొడవలి వీపుతో గీకితే రాలేదు, సాగింది. అప్పుడామె వంకలోంచి సన్నటి ఇసుక తెచ్చి, మెత్తబడిన తారు మీద జల్లి, అరచేతులతో అదిమింది. చేతులు కాలుతుంటే నీళ్ళల్లో ముంచుకుని మళ్ళీ అదిమింది. నల్లటి చర్మం గరుకుదేరింది. పొద్దు వాలినాక సున్నంలో కలబంద జిగురు పిండి, చిక్కగా గిలకొట్టి, కొబ్బరి పీచుతో పూసింది. ఒక పూత ఆరాక ఇంకో పూత. వేళ్ళ సందుల్లో సున్నం తిని తోలు ఊడింది.

చిన్నబ్బ పెళ్ళాం రాఘవమ్మ నీళ్ళకు పోతూ ఆగి చూసింది. "పెండ్లికూతురు మాదిరి ఉండాది వొదినా నీ పుట్టి" అంది.

"దిష్టి పెట్టబాకమ్మే" అంది గంగులమ్మ. అని నవ్వింది కూడా. ఎంత కోపంలో ఉన్నా పని చక్కగా కుదిరితే మనిషికి లోపలెక్కడో సంతోషంగా ఉంటుంది.

*

తెల్లారి తోలినప్పుడు ఓబయ్య కేకలు వినాల్సిందే. ఆ గొంతు నీళ్ళమీద జారుకుంటూ వచ్చి ఎవరి చెవిలో పడాలో వాళ్ళ చెవిలో పడింది.

"సిన్నబ్బా, ఆగు! గంగులూ, ఒత్తు, ఇంకా ఒత్తు! ఆఁ, నిలువు!"

తెడ్డు ఆ మాట వెంటే తిరిగింది. గంగులమ్మకు తను వేస్తున్నట్టే లేదు, తండ్రే తన చేతులతో వేస్తున్నట్టుంది. వరస కొడవలిలా వంగి వలను చేరింది. బొచ్చె చేపలు ఎగిరాయి. ఒకటి ఏకాంబరం పుట్టిలోనే పడి అతని ఒడిలో కొట్టుకుంది.

"రంగేనబ్బా" అని ఏకాంబరం ఒప్పుకున్నాడు, మొహం తుడుచుకుంటూ. "నేనే తెలీక మాట్లాడితి." వలలో చేప కనపడ్డాక వాదించేవాడెవడు? ఆదిమూలం కూడా పుట్టి అంచును తట్టి, "మంచి పనే సేసినావులేమే" అన్నాడు.

రెండోసారి తోలడానికి వరస కట్టారు. అప్పటికి పొద్దు తిరిగి, కొండ నీడ చెరువు మీదికి పాకింది. మొదటి దఫాలో తడిసి తడిసి గంగులమ్మ పుట్టికి సున్నం పెచ్చులూడింది. ఉన్నది కూడా నీళ్ళు తాగి, కింది నలుపు బయటికి కొడుతోంది. ఆమె అది గమనించి, ఇంకొక్క దఫానే గదా, ఇంటికి పోయి మళ్ళీ పూయొచ్చులే అనుకుంది.

సగం దూరం వచ్చారు.

"గంగులూ! యాడ పోతివే? ఏకాంబరం పక్కన సందుండాది! రా, ముందుకు రా!"

ఆమె ఏకాంబరం పక్కనే ఉంది. అతని కట్టె చిమ్మే నీళ్ళు తన మీద పడేంత దగ్గరలో ఉంది.

"ఈడే ఉండా నాయనా!"

"రా అంటే! సందులోంచి పోతాండాయి!"

"మీ నాయనకు మతి పోయినట్టుండాది" అన్నాడు ఆదిమూలం, బాదడం ఆపకుండా. ఇంకా ముందుకు పోతే తామే వరస చెడగొట్టినట్టు. పోకపోతే మాట విననట్టు. గంగులమ్మ బండ వంక చూసింది. తండ్రి మొహం ఇటే తిరిగి ఉంది. సూటిగా ఆమె ఉన్న చోటికే చూస్తున్నాడు. చూస్తూనే చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని అటూ ఇటూ వెతుకుతున్నాడు.

ఆమెకేదో అనుమానం తట్టింది.

మొగుడి తలకున్న తెల్ల పాగాను లాగి, విప్పి, పుట్టి అంచు మీద బయటికి వేలాడేసింది.

"ఏందే అది!"

"సున్నం ఊడింది గదా. సేప సూస్తాది" అంది.

బండమీది గొంతు వెంటనే కుదుటపడింది. "ఆఁ! అట్ల రా తల్లీ. నిలువు."

ఆ దఫా కూడా చేప బాగానే పడింది. పంచుకునేటప్పుడు అందరూ రంగు గురించే మాట్లాడుకున్నారు. గంగులమ్మ ఒక్కతే తమ పాలు గంపకెత్తుకుని ఇంటిదారి పట్టింది.

ఇంటికి రాగానే తండ్రికి చేప పులుసు వండి పెట్టింది. ఆదిమూలం ఇంకా గట్టుమీద వల ఆరేస్తున్నాడు. ఓబయ్య ముల్లు తీస్తున్నాడు. ఒకప్పుడు మాట్లాడుతూనే తీసేవాడు, కూతురికి చిన్నప్పుడు తీసి పెట్టేవాడు. ఇప్పుడు ముక్కను వేళ్ళ మధ్య పెట్టి అంగుళం అంగుళం తడుముతున్నాడు. ఆమె చప్పుడు కాకుండా పులుసు చట్టిని పక్కకు జరిపింది. కాలి కాలి నల్లబడిన చట్టి. కాసేపటికి ఆయన చెయ్యి చాచి, చట్టి ఇంతకుముందున్న చోట గరిటె కోసం వెతికాడు.

"ఎన్నాళ్ళనుంచి నాయనా?"

చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఏం అడుగుతున్నావని ఆయన అడగలేదు.

"పోయిన సలికాలంనుంచి" అన్నాడు. "కండ్లకు పొర కమ్మింది. తెల్లటివి మసగ్గా అగపడతాయి. నల్లటివి నీళ్ళల్లో కలిసిపోతాండాయి."

"దానికి నా పుట్టిని బయటేస్తావా? ఇట్లని నాకు సెప్తే నేను ముందే సున్నం పూసుకోనుంటాను గదా!"

"నల్లది నీదొకటే అయింది నా కర్మకు." ఆయన గొంతు తగ్గించాడు. "సొంత కూతురి పుట్టినే బయటేసినాడంటే జనం నిజమనుకుంటారు. ఏంటికని అడగరు. అదీ నాకు కలిసొచ్చింది."

ఇంత లెక్క వేసుకున్నాడా! అరుద్దామనుకుంది. అరవడానికి ఆయన మొహం చూసింది. మెతుకులంటిన చెయ్యి గాల్లో పెట్టుకుని, చట్టి ఎక్కడుందో అడగలేక కూర్చున్నాడు. ఆమె చట్టిని చేతికిందికి జరిపింది.

"సిత్తూరాసుపత్రిలో పొర తీస్తారంట నాయనా."

"తీస్తారంటలే. తీసినాక సూపు రానోళ్ళని గూడా సూసినా." చేతికి తగిలిన గరిటెను పక్కన పెట్టాడు. "ఆ బండ దిగితే నేనెవుర్ని గంగులూ? నీ మొగుడు పెట్టే కూటికోసం గడపలో కూసునే ముసిలోడ్ని. అంతే గదా?"

ఎవరికీ చెప్పనని ఆమె మాటివ్వలేదు. ఆయనా అడగలేదు. సాయంత్రం మాత్రం మళ్ళీ సున్నం కలిపింది. ఆదిమూలానికి కూడా సంగతి చెప్పలేదు.

*

రెండు రోజులయ్యాక చిన్నబ్బ పుట్టి అడుగు, నీళ్ళలో మునిగిన ఈతమొద్దుకు తగిలి పక్కదాకా చీలింది. కొత్త తోలు కొనే రోజులా అవి? వడమాలపేటలో ఎవరిదో ఎద్దు చస్తే ఆ తోలు అడుక్కొచ్చి, వెంట్రుకలు కూడా తియ్యకుండా, పచ్చిదాన్నే వేసి కుట్టాడు. నల్ల ఎద్దు. రాఘవమ్మ దానికీ సున్నం పూసింది పాపం. తడి వెంట్రుకల మీద సున్నం ఏం నిలుస్తుంది? నీళ్ళల్లోకి దించగానే పాలు ఒలికినట్టు కొట్టుకుపోయింది.

"సిన్నబ్బా! యాడరా నువ్వు! అంత సందు పెడితే ఎట్లరా!"

"నీ ముందరే ఉండా పెదనాయనా!"

ఓబయ్య పిలిచాడు, తిట్టాడు, ఆఖరికి ఏకాంబరాన్ని పక్కకు జరగమన్నాడు. ఏకాంబరం జరగగానే నిజంగానే సందు పడింది. మంద మొత్తం అందులోంచి దూసుకుపోయింది. నీటిమీద ఆ గీత లోతు వైపు పోవడం అందరూ చూశారు.

పుట్టిలు గట్టు చేరాయి. ఓబయ్య బండమీదినుంచి అన్నాడు.

"ఆ నల్లతోలు తీసేదాకా సిన్నబ్బ పుట్టి దించబాకండి."

"తీస్తే ఏమేసి కుట్టేది మామా?" రాఘవమ్మ బండ వంక తలెత్తి అడిగింది. "ఈ తోలు కోసమే కాళ్ళు పట్టుకోనొస్తిమి. పాలు రాకపోతే ఏం తిని బతికేది?"

చిన్నబ్బ తలొంచుకుని నిలబడ్డాడు. చేపకు నలుపంటే భయమని తనే అన్నాడు గదా, ఇప్పుడేమని అడ్డం చెబుతాడు?

ఏకాంబరం తడిసిన పంచె పిండుకుంటూ ముందుకొచ్చాడు. "నాకేమో ఇది రంగు సంగతి అనిపించలా అన్నా. సిన్నబ్బ నా పక్కనే ఉన్నాడు. నువ్వు నన్ను జరగమంటివి, అందుకే పోయినాయి." అని, గంగులమ్మ దిక్కు తిరిగాడు. "మే గంగులూ. మొదట బయటేసింది నీ పుట్టినే. నువ్వు సున్నం పూసినాకే సేప పడింది. ఆయన నీకు నాయనని సూడబాక. ఉన్నదున్నట్టు సెప్పు. రంగు వల్లనేనా?"

అందరూ ఆమె వంక చూశారు. రాఘవమ్మ కళ్ళు ఆమె మొహాన్ని వదల్లేదు. గంగులమ్మ తలెత్తి బండ వంక చూసింది. తండ్రి ఆమె కోసం ఇటు తిరిగాడు. తిరిగాడు గానీ, ఆమె ఉన్న చోటికి కాదు. పక్కనున్న ఖాళీ జాగా వంక చూస్తున్నాడు. పాగా కొస గట్టిగా పట్టుకుని, ఆ ఖాళీ జాగా ఏం చెబుతుందా అని ఎదురుచూస్తున్నాడు.

"రంగు వల్లనే" అంది గంగులమ్మ.

రాఘవమ్మ ఇంక చూడలేదు. చిన్నబ్బ వంగి పుట్టి అంచు పట్టుకుని గట్టుమీదికి లాగడం మొదలుపెట్టాడు. సాయం ఎవరూ పోలేదు. తడి తోలు రాళ్ళమీద రాచుకుంటున్న చప్పుడు వింటూ గంగులమ్మ తెడ్డు పట్టుకుని నిలబడింది. తను చేసింది తప్పని ఆమెకు తెలుసు. మళ్ళీ అడిగినా అదే చెబుతానని కూడా తెలుసు.

"ఆగు సిన్నబ్బా."

ఓబయ్య బండ దిగుతున్నాడు. ఆ పూట తోలడం ముగియకుండా ఆయన దిగడం ఎవరూ ఎరగరు. అడుగడుగూ పాదంతో రాయి తడుముకుంటూ దిగాడు. తూముమెట్ల దాకా సరిగ్గానే వచ్చాడు. అక్కడ ఆగి రెండు చేతులూ ముందుకు చాచాడు.

"ఎవురన్నా నా సెయ్యి పట్టుకోండప్పా" అన్నాడు. "ఆ పుట్టి యాడుండాదో నాకు అగపడలా."

ఎగతాళి అనుకుని ఎవరో నవ్వబోయారు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"సేపకు రంగుతో ఏం పని లేదు. నల్లదైతే నాకు అగపడలా, అంతే. గంగులు అబద్దం సెప్పింది. నా కోసరం సెప్పింది. దాన్నేమీ అనబాకండి." చాచిన చేతులు దించలేదు. "ఏకాంబరం, బండమీదికి నువ్వు పో. నేను సిన్నబ్బ పుట్టిలో కూసోని నీళ్ళు బాదుతా. బాదేదానికి కండ్లేంటికి?"

ఏకాంబరం కదల్లేదు. ఆదిమూలం నోరు తెరిచి పెళ్ళాం మొహం చూశాడు. గంగులమ్మ పోవాలనుకుంది. పరుగున పోయి ఆ చేతులు పట్టుకోవాలనుకుంది. ఇప్పుడే అబద్ధమాడిన నోటితో, ఇంతమందిలో, ఏ మొహం పెట్టుకుని పోవాలో తెలియక తెడ్డు పట్టుకునే నిలబడింది.

పోయింది రాఘవమ్మ. తడిచేతులు కొంగుకు తుడుచుకుని, ముసలాయన మణికట్టు పట్టుకుని, మెల్లగా నడిపించి, ఆ చేతిని తీసుకుపోయి నల్లటి వెంట్రుకల తోలు మీద ఆనించింది.

"ఇదో మామా, ఇదే అంచు" అంది. "కాలెత్తి లోపల పెట్టు. నేను పట్టుకోనుండా."